పాఖాల గట్టున పక్షులను చూసేటప్పుడు కళ్లకు ఎండ తగలకుండా ఏం చేయాలి?

ప్రశ్న: సెలవు రోజుల్లో పాఖాల చెరువు గట్టున పక్షులను చూస్తూ పూటంతా గడిపేసరికి కళ్లు ఎర్రబడి మండుతున్నాయి. రోడ్డు పక్కన అమ్మే నల్లద్దాలు సరిపోతాయా?

జవాబు: రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదండీ. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపలేని నల్లద్దాల వెనుక కంటిపాప విచ్చుకొని ఆ కిరణాలు మరిన్ని లోపలికి చేరే ప్రమాదం ఉంది కాబట్టి, 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు వాటిని అడ్డుకునే ‘యూవీ 400’ రకాన్నే, వీలైతే కణతల వరకు కప్పేవాటినే తీసుకోండి.

మరో జవాబు: పోలరైజ్డ్ అద్దాలు నీటి మీది మిరుమిట్లను తగ్గిస్తాయి గానీ, అది అతినీలలోహిత రక్షణ కాదు, దుకాణాల్లో రెండింటినీ కలిపేసి చెబుతుంటారు. బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు క్షణమైనా చూడకండి.

ఇంకొక జవాబు: వెడల్పు అంచు టోపీ కూడా పెట్టుకోండి. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము తగిలితే కంటి తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి కండ పెరగవచ్చు కనుక, ఎరుపు తగ్గకపోతే కంటి వైద్యులకు చూపించండి.