పీఏ స్కూల్‌కి ముందు అనుభవం: సీఎన్ఏనా, స్క్రైబా, ఈఎంటీనా?
అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి బయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్లతో కలిసి పేషెంట్లకి వైద్యం చేసే ఉద్యోగం) కోర్సుకి అప్లై చేస్తానంటోంది. మార్కులు బాగానే ఉన్నాయి, అనుభవం దగ్గరే టెన్షన్.

పీఏ కాలేజీలకి ఆన్‌లైన్‌లో పెట్టే ఉమ్మడి అప్లికేషన్ క్యాస్పాలో పేషెంట్‌ని నేరుగా చూసుకున్న గంటలు వేరు, ఆస్పత్రిలో చేసిన మిగతా పనుల గంటలు వేరు. కొన్ని కాలేజీలు 500 అడిగితే కొన్ని 1000, 2000 అడుగుతున్నాయి. స్క్రైబ్ పని (డాక్టర్ పేషెంట్‌ని చూస్తుంటే వివరాలు రాసిపెట్టడం) తనకి ఇష్టం, కానీ ఆ గంటల్ని అన్ని కాలేజీలూ పేషెంట్ కేర్ కింద లెక్కేయవట. సీఎన్ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) ట్రైనింగ్ టెక్సాస్‌లో 100 గంటలే, పైగా పేషెంట్ పక్కనే ఉండే పని. వాళ్ల నానమ్మేమో "ఇంత చదివి ఆయా పనా?" అంటున్నారు! నాకైతే అదే మంచిదనిపిస్తోంది. ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే పని) అంటే రాత్రి డ్యూటీలని భయం.

మీ పిల్లలుగానీ మీరుగానీ ఈ దారిలో వెళ్లారా? చదువుకుంటూ వారాంతాల్లో చేయడానికి ఏది కుదిరింది? సర్టిఫికెట్ లేకుండా మెడికల్ అసిస్టెంట్‌గా చిన్న క్లినిక్‌లు తీసుకుంటాయా? షాడోయింగ్‌కి (పక్కనుండి వాళ్ల పని చూడటానికి) పీఏలని ఎలా అడిగారు? ఈమెయిళ్లకి ఎవరూ జవాబివ్వట్లేదు.