అప్‌డేట్: లాయర్ ఫీజు లేకుండానే భరణం కేసు వేశాను

మా ఆయన నాకూ పాపకూ డబ్బులు పంపడం మానేశారు, లాయరును పెట్టుకునే స్తోమత లేదు, ఏం చేయాలని అడిగాను కదా. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే ఉచితంగా లాయరును ఇచ్చారు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయ పరిమితే లేదు, ఉద్యోగం ఉన్నా అర్హులే. ఇది విన్నాక సగం టెన్షన్ తీరిపోయింది.

బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 144 (పాత సీఆర్‌పీసీ 125) కింద పిటిషన్ వేసి, మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చేది) కూడా అడిగాం. ఇద్దరం ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. నా దాంట్లో స్కూల్ ఫీజు, ఆటో, పాలు, పాప ఆస్తమా మందులు కూడా రసీదులతో సహా రాయించారు లాయరమ్మ. 2020 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. అందుకే ఆలస్యం చేయకండమ్మా, ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మా వాయిదా వచ్చే నెల.