వాగ్దాన కార్డు చేతిలో ఉండగా డైరీలో లక్ష్యాలెందుకు?

కొత్తడైరీ:
అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బుట్టలోంచి వాగ్దాన కార్డు (బైబిలు వచనం అచ్చువేసిన చీటీ) తీసుకుంటాం. మర్నాడు కొందరు డైరీ తెరిచి "ఈ ఏడాది అప్పు తీర్చాలి, బైబిలు మొత్తం చదవాలి, గ్రూప్-2 కొట్టాలి" అని గడువులతో సహా రాసుకుంటారు. ఇది అవిశ్వాసమని ఒక వర్గం, రాసుకోకపోతే బద్ధకమని ఇంకో వర్గం. మొదటివాళ్ళు రేపటి సంగతి తెలియకుండా ప్లాన్లు వేసేవాళ్ళని గద్దించే యాకోబు 4:13 చూపిస్తారు, రెండోవాళ్ళు గోపురం కట్టేముందు ఖర్చు లెక్క చూసుకోవాలనే లూకా 14:28 చూపిస్తారు. ఇక్కడ వచనాలు విసురుకోవడం కాకుండా, రాసుకుంటే ఎలా రాసుకోవాలో, వద్దంటే ఎందుకు వద్దో పని జరిగే స్థాయిలో చెప్పండి.

వెనకబెంచీ:
నాది "వద్దు" పక్షం. లూకా 12లో ధనవంతుడు లెక్కలో తప్పు చేయలేదు. పంట బాగా పండింది, కొట్లు చాలవు, పాతవి విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు. ఏ మేనేజ్‌మెంట్ మాస్టారైనా మెచ్చుకునే ప్లానే. అయినా దేవుడు అతణ్ణి వెర్రివాడన్నాడు, ఆ రాత్రే ప్రాణం పోతుందన్నాడు. ఎందుకంటే అతని మాటలున్న ఆ మూడు వచనాల్లో నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణం అన్న మాటలు తప్ప ఇంకేం లేవు. ఇప్పుడు యూత్ మీటింగుల్లో చెప్పే లక్ష్యాల క్లాసు కూడా అంతే. కంపెనీ ట్రైనింగ్ స్లైడ్లకి పైన ఒక వచనం అతికిస్తారు. హబక్కూకు 2:2లో "దర్శనము వ్రాయుము" అని ఉంది కాబట్టి కారు బొమ్మ, ఇంటి బొమ్మ కత్తిరించి గోడకి అంటించమంటారు. ఆ అధ్యాయం చివరిదాకా చదివితే అది బబులోను మీద రాబోయే తీర్పు. కారుకీ దానికీ ఏం సంబంధం?

ఇంకో నష్టం కూడా ఉంది. లక్ష్యం చేరినవాడు వేదిక మీద సాక్ష్యం చెబుతాడు. చేరనివాడికి మైకు ఇవ్వరు. వాడు మెల్లగా వెనక బెంచీకి, అక్కణ్ణించి గేటు బయటికి.

లెక్కలమాస్టారు:
బ్రదర్, హబక్కూకు సంగతిలో మీతో నూటికి నూరు ఏకీభవిస్తాను. యాకోబు దగ్గర మాత్రం ఆగాలి. "ఒక పట్టణానికి వెళ్ళి ఏడాది ఉండి వ్యాపారం చేద్దాం" అన్నవాళ్ళని యాకోబు గద్దించింది ప్లాను వేసినందుకు కాదు. 15వ వచనంలో "ప్రభువు చిత్తమైతే" అని చెప్పి "ఇది అది చేద్దాం" అనమన్నాడు. అంటే చేయాల్సిన పనుల జాబితా అలాగే ఉంది. 16వ వచనంలో తప్పుపట్టింది అతిశయాన్ని.

పౌలు ప్రయాణాలు చూడండి. రోమా 15లో యెరూషలేము, అక్కణ్ణించి రోమా, అటునుంచి స్పెయిన్ అని వరస చెప్పాడు. అపొస్తలుల కార్యములు 16లో ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆపాడు, బితూనియకు వెళ్ళనివ్వలేదు, మాసిదోనియకు మళ్ళించాడు. రోమాకి చేరాడు గానీ ఖైదీగా చేరాడు. 2 కొరింథీ 1:15 నుంచి చదవండి, కొరింథుకి వస్తానని రాకపోతే "నీ మాటకి నిలకడ లేదు" అన్నారు, దానికాయన సంజాయిషీ చెప్పుకున్నాడు. ప్లాను వేసినవాడికే కదా ఆ మాట పడేది! మారిందని సిగ్గుపడలేదు, ఎందుకు మారిందో చెప్పాడు.

నెహెమ్యా ఇంకా దగ్గరి ఉదాహరణ. యెరూషలేము గోడ కూలి ఉందన్న వార్త కిస్లేవు నెలలో విన్నాడు, తను కొలువు చేసే పారసీక రాజుతో నీసానులో మాట్లాడాడు. మధ్యలో నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. కానీ రాజు "ఎన్నాళ్ళు పడుతుంది" అనగానే గడువు చెప్పేశాడు, దారిలో అధికారులకు ఉత్తరాలు, అడవి కాపరి ఆసాపు నుంచి మానులు అడిగేశాడు (2:6-8). అప్పటికప్పుడు పుట్టిన మాటలా అవి? ప్రార్థన చేస్తూనే కొలతలు వేసుకున్నాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.

వెనకబెంచీ:
నెహెమ్యా కట్టింది ఊరి గోడ మాస్టారూ, సొంతిల్లు కాదు. "వ్యక్తిగత లక్ష్యం" అన్న మాటే నాకు మింగుడుపడదు. ఫిలిప్పీ 3:14లో పౌలుకున్న "గురి" ఒక్కటే. మన డైరీల్లో పన్నెండు.

బెరయచదువరి:
మధ్యలో కార్డు గురించి రెండు మాటలు. చీటీ తీసి వచనం అందుకోవడం మన ఊళ్ళో పుట్టింది కాదు. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్ళో మొరేవియన్ సహోదరులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు చీటీలతో ఎంచిన వచనాల్ని 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. అందులో ఒక్కో వచనం ఒక్కో రోజుకి. ఆ రోజంతా నెమరువేసుకునే మాట అది. ఏడాదికి జోస్యం కాదు.

మన దగ్గర చిక్కంతా అక్కడే. మీ గురించి నావి మేలు చేసే ఉద్దేశాలేనని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 కార్డు వస్తే "ఈ ఏడాది ఉద్యోగం ఖాయం" అనేస్తారు. ఆ మాట బబులోను చెరలో ఉన్నవాళ్ళకి పంపిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్ళు అని ఉంది. విన్నవాళ్ళలో పెద్దవాళ్ళు తిరిగిరావడం చూడనే చూడలేదు. అదే ఉత్తరంలో 5వ వచనం "ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి" అంటుంది. వాగ్దానం, పని ఒకే కాగితం మీద ఉన్నాయి. కాబట్టి "కార్డా, డైరీనా" అన్న ప్రశ్నే సరిగ్గా కుదరలేదనిపిస్తుంది.

లెక్కలమాస్టారు:
సరే, ఎలా రాయాలో చెప్తాను. పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు మీ చేతిలో ఉన్న పని, కుడివైపు మీ చేతిలో లేని ఫలితం. "గ్రూప్-2 కొట్టాలి" కుడివైపు వెళ్తుంది, అది ప్రార్థన అంశం. "పాలిటీ రోజుకి గంటన్నర, ఆదివారం పాత పేపరు ఒకటి గడియారం పెట్టుకుని రాయడం" ఎడమవైపు. అంకెలూ గడువులూ ఎడమవైపే వేయాలి. "తమ్ముడు రక్షణ పొందాలి" కుడివైపు. "వాడితో వారానికోసారి భోంచేయాలి" ఎడమవైపు. చాలామంది తీర్మానాలు చెడిపోయేది కుడివైపు గడువు వేయడం వల్ల. దేవుడికి డెడ్‌లైన్ పెట్టినట్టవుతుంది, మనం చేయాల్సింది మాత్రం ఖాళీగా ఉండిపోతుంది.

బైబిలు పఠనమే తీసుకోండి. మొత్తం 1,189 అధ్యాయాలు. మామూలు రోజు 3, ఆదివారం 5 చదివితే వారానికి 23, 52 వారాలకి 1,196. సరిపోతుంది. కానీ ఈ లెక్కన జనవరి నెలాఖరుకల్లా ఆదికాండం, నిర్గమకాండం అయిపోయి లేవీయకాండం ఎదురవుతుంది, అక్కడే బండి ఆగుతుంది. అధ్యాయాలన్నీ ఒకటే పొడవు కావు. కీర్తన 117కి 2 వచనాలు, 119కి 176. సంఖ్యాకాండం 7వ అధ్యాయానికి 89. మొదటిసారి చదివేవాళ్ళకి నేను చెప్పేది కొత్త నిబంధన ఒక్కటే పెట్టుకోమని. 260 అధ్యాయాలు, వారానికి 5 చొప్పున సరిగ్గా 52 వారాలు. వారంలో రెండు రోజులు ఖాళీ ఉంటాయి కాబట్టి జ్వరం వచ్చినా, పెళ్ళికి వెళ్ళినా లెక్క తప్పదు.

తప్పిన రోజుల్ని బాకీ తీర్చినట్టు తీర్చకండి. రోజుకి మూడు పైచిలుకు పెట్టుకున్నవాళ్ళు పది రోజులు మానేస్తే 33 అధ్యాయాలు మీద పడతాయి, ఆ బరువు చూసే పుస్తకం మూసేస్తారు. ఆ గడులు ఖాళీగా వదిలేసి ఈరోజు భాగం చదవండి.

నోటువెనక:
అప్పు విషయంలో మాత్రం గాల్లో తీర్మానాలు పనికిరావు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్ష అప్పుకి నెలకి 2,000 వడ్డీ. అంతే కడుతూ పోతే పదేళ్ళయినా లక్ష లక్షలాగే ఉంటుంది. నెలకి 3,000 కడితే 56 నెలలు, సుమారు 1,66,000 కడతారు. 5,000 కడితే 26 నెలలు, సుమారు 1,29,000. తేడా 37 వేలు.

ఇది అసలు కొద్దికొద్దిగా తీసుకునేవాళ్ళ దగ్గర. "అసలంతా ఒకేసారి తెమ్ము" అనేవాళ్ళే ఎక్కువ. అప్పుడు 2,000 వడ్డీ పోను మిగతా 3,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేస్తే లక్ష కావడానికి సుమారు 31 నెలలు పడుతుంది. ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకు అప్పు తీసుకుని పాత ప్రామిసరీ నోటు తీర్చేయడం మేలు, అక్కడ వడ్డీ సాధారణంగా నూటికి రూపాయి లోపే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాయించుకోండి. తీరాక నోటు చేతికి తీసుకునే ఇంటికి రండి. అన్నట్టు నెహెమ్యా 5:11లో తిరిగిచ్చేయమన్న "నూరవ భాగం" నెలవారీ వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతల మాట. నూటికి రూపాయి! దానికే ఆయనకి అంత కోపం వచ్చింది.

కొత్తడైరీ:
బాగుంది నోటువెనక గారూ. మరి సంఘానికిచ్చే దశమభాగం (పదో వంతు)? నెలకి 25,000 జీతం, 5,000 అప్పుకి పోతుంటే 2,500 ముందా, వెనకా?

నోటువెనక:
దీని మీద సంఘాల్లోనే ఏకాభిప్రాయం లేదండీ. నా మాట: అప్పు చేసి కానుక ఇవ్వకండి, కానుక ఎగ్గొట్టి ఫోను ఈఎంఐ కట్టకండి. 2 కొరింథీ 8:12 లేనిదాన్ని అడగదు, ఉన్నదాన్ని బట్టి అంటుంది. పూర్తి పదో వంతు ఇవ్వలేని నెల పాస్టర్ గారికి చెప్పి తక్కువ ఇవ్వడం, ఏమీ ఇవ్వకుండా మొహం చాటేయడం కన్నా నయం.

వెనకబెంచీ:
అప్పు లెక్కకి నాకు అభ్యంతరం లేదు. అది లక్ష్యం కూడా కాదు, బాధ్యత. కానీ మాస్టారి గీత పరీక్షల దగ్గర తేలిపోతుంది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకుని కూర్చున్న పిల్లాడికి "ఎడమవైపు పని చేస్తూ ఉండు" అంటే ఎన్నేళ్ళు చేస్తాడు? ఆపే తేదీ పెట్టమంటే మళ్ళీ మీరే "విశ్వాసం తక్కువ" అంటారు. సంతానమిస్తానన్న దేవుడి మాట నమ్మిన అబ్రాహాము 75వ ఏట బయల్దేరాడు, కొడుకు ఇస్సాకు ఆయన 100వ ఏట పుట్టాడు. 25 ఏళ్ళు. ఆయన గడువు పెట్టుకున్నాడా?

లెక్కలమాస్టారు:
ఆపే తేదీ పెట్టి తీరాలి, మొదటిరోజే పెట్టాలి. అబ్రాహాముకి దేవుడు నోరు తెరిచి చెప్పాడు, మన పిల్లాడికి గ్రూప్-2 గురించి ఆయన ఏమీ చెప్పలేదు. పైగా అబ్రాహాము ఆ 25 ఏళ్ళూ మందలు కాసుకున్నాడు, తండ్రి పంపే గది అద్దెతో బతకలేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి ఒట్టి తేదీ చాలదు. "రెండు ప్రయత్నాలు లేదా మూడేళ్ళు, ఏది ముందైతే అది" అని రాసి, డబ్బు పంపే నాన్నతో కూర్చుని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏం చేస్తాడో కూడా అదే కాగితం మీద రాయాలి. పరీక్ష పోయిన వారంలో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ "ఇంకొక్కసారి" అనే చెబుతుంది.

మార్తసిస్టర్:
బ్రదర్స్, ఇంతసేపు ఎవరూ మొక్కుబడి ఊసెత్తలేదు. తీర్మానం వేరు, మొక్కుబడి వేరు. ప్రసంగి 5:5 మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలంటుంది. కొత్త సంవత్సరం రాత్రి పాట ఊపులో నిలబడి "ప్రభువా, ఏడాదంతా నాలుగింటికి లేస్తాను" అని మాటిచ్చేసి, తొమ్మిదో తారీఖుకి తప్పి, ఇక దేవుడి ముందుకి రావడానికే జంకేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. పదకొండున్నర దాకా గిన్నెలు తోమి నాలుగింటికి ఎలా లేస్తారు? లేచే టైము కాదు, పడుకునే టైము రాసుకోవాలి. పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, నెల నిలబడ్డాక పెంచాలి.

21 రోజుల ఉపవాసం తీర్మానాలకీ ఒక మాట. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు భోజనం మానేసి మందు మాత్రం వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. దాన్ని "ఆత్మ దిగాడు" అనుకునే ప్రమాదం ఉంది. వెంటనే పంచదార నీళ్ళు తాగించాలి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు మోతాదు మార్చకుండా ఒక్కపూట కూడా మానొద్దు.

తీర్మానాలన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా మానండి. నెహెమ్యా రాత్రిపూట వెళ్ళి గోడ చూశాడు, ఎవరికీ చెప్పలేదు (2:12, 16). ఆడవాళ్ళకి ఒక అక్క, మగవాళ్ళకి ఒక అన్న, వారానికి పది నిమిషాలు, "ఎడమవైపు ఏం జరిగింది" అని అడిగేవాళ్ళు ఒకరుంటే చాలు.

వెనకబెంచీ:
సిస్టర్ మాటతో సగం దిగొచ్చాను. మొక్కుబడి కాని తీర్మానం, ఊరికి చెప్పని తీర్మానం అయితే ఫర్వాలేదు. "వ్యక్తిగత" అన్న మాటతో మాత్రం నా పేచీ అలాగే ఉంది. ఎడమవైపు జాబితాలో కనీసం సగం పనులు వేరేవాళ్ళ కోసం లేకపోతే అది లూకా 12 కొట్లే. మాస్టారి ఉదాహరణల్లో తమ్ముడితో భోజనం తప్ప ఒక్కటి చూపించండి.

లెక్కలమాస్టారు:
దొరికిపోయాను. ఆ పేజీ మళ్ళీ రాయాల్సిందే.

కొత్తడైరీ:
ఇంతకీ వాగ్దాన కార్డు ఏం చేయమంటారు? డైరీ మొదటి పేజీలో అంటించనా?

బెరయచదువరి:
వద్దు. ముందు కార్డు మీద రిఫరెన్సు సరిచూసుకోండి, అచ్చులో అంకె జారడం కొత్తేమీ కాదు. తర్వాత మీ బైబిల్లో ఆ అధ్యాయం ఉన్న పేజీలోనే పెట్టండి. కార్డు కోసం తెరిచినప్పుడల్లా పైనా కిందా ఉన్న వచనాలు కూడా కంట్లో పడతాయి.