ప్రయాణాలూ చుట్టాలూ పోగా మిగిలిన సమయంలో రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తిరుచానూరు తామర: అత్తగారి వైద్యం కోసం నెలకు రెండుసార్లు కారులో బెంగళూరు. మిగతా రోజులు తిరుపతిలో ఇల్లున్న పాపానికి చుట్టాలు. కథ మొదలుపెట్టి మూడు నెలలైంది, నాయిక ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. దారిలో రాసేవాళ్లు నోటుపుస్తకంలో రాస్తారా, ఫోనులోనా? ఇంట్లో ఏ వేళ దక్కుతుంది?

కొర్లగుంట కలం: ప్రయాణం సంగతి తర్వాత. మొన్న ఒక సంభాషణ కుదురుతుండగా దూరపు బావగారి ఫోను. "మీ ఊళ్లోనే కదా దేవుడు, మూడు వందల టికెట్లు ఆరు చూడమ్మా." అవి నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయంటే అలిగారు. మళ్లీ రాయడానికి కూర్చుంటే నా పాత్రలన్నీ ఆయన గొంతుతోనే మాట్లాడుతున్నాయి.

పలమనేరు బస్సు: నేను ఫోనుకు చెప్పి రాయిస్తాను. మొగిలి ఘాట్‌లో "అవ్వ ఊతకర్ర" అంటే "అవ్వ ఉతికారా" అని పడింది. పక్క సీటు పెద్దాయన మాత్రం కథ చివరిదాకా విని, అవ్వను చంపవద్దన్నారు. చంపలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు: ఇవన్నీ సాకులు. రవీంద్రనాథ్ టాగూర్ ప్రయాణంలో ఉండగానే మన మదనపల్లెలో జనగణమన రాశారు. ఆయనకు లేని ఇబ్బందులా మీకు?

మదనపల్లె టమాటా: రాయలేదు మాస్టారూ. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే ఆ పాట పాడారు. ఆయన ఇక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చింది 1919లో. ఇక్కడ చేసింది ఆంగ్లానువాదం.

విశ్రాంత ఉపాధ్యాయుడు: ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి. నాకు చరిత్ర నేర్పనక్కరలేదు.

మదనపల్లె టమాటా: ముప్పై నాలుగేళ్లూ అదే చెప్పారా? పాపం పిల్లలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు: మర్యాద! సరే, అనువాదమే అనుకోండి. మదనపల్లెలో పుట్టిందనడంలో తప్పేమిటి?

రెండు భాషల రాట్నం: ఇద్దరూ ఆగండి. "అనువాదమే" ఏమిటండీ? పదకొండేళ్లుగా అదే నా పని. మూలంలో ఒక్క మాటకు నాలుగు రోజులు పట్టిన సందర్భాలున్నాయి. ఎవరైనా అడిగితే మా వాళ్లు "ఏదో టైపు చేసుకుంటుంది" అంటారు. మీరూ అదే అంటున్నారు.

కొర్లగుంట కలం: అప్పుడు కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ కదా, టాగూర్ ఆయనకు అతిథి. అతిథికి రాసుకునే తీరిక ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ వండి వడ్డించినవాళ్లు ఏం రాసుకున్నారో ఎవరైనా చెప్పండి.

పలమనేరు బస్సు: 👏

అలిపిరి మలుపు: తామర గారూ, నా కిటుకు వినండి. కొండ దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో నలభై నిమిషాలకు ముందే కిందికి చేరితే జరిమానా కదా. నేను చివరి మలుపుల దగ్గర బండి పక్కకు ఆపి, మిగిలిన సమయంలో ఒక పేజీ రాస్తాను. ఒక కథల సంపుటిలో సగం అలా వచ్చిందే.

మదనపల్లె టమాటా: మలుపులో బండి ఆపడమా! వెనకొచ్చేవాడి గతి ఏమిటి? పైగా చిరుతలు తిరిగే అడవి. నెమ్మదిగా నడిపితే సరిపోయేదానికి ఈ గొప్పలెందుకు?

అలిపిరి మలుపు: మీరు ఎన్ని కథలు అచ్చువేశారు?

మదనపల్లె టమాటా: టమాటాలు పండిస్తాను. ఈ మధ్య ధర మీ కథలకన్నా బాగానే ఉంది.

తిరుచానూరు తామర: నోటుపుస్తకమా, ఫోనా అని అడిగాను. ఇంతమందిలో ఒక్కరే చెప్పారు, ఆయన మాట వినే ఫోను అవ్వతో బట్టలుతికించింది. నిన్న వెనక సీట్లో నోటుపుస్తకం ప్రయత్నించాను. పలమనేరు దాటేసరికి కడుపులో తిప్పింది, రాసిన నాలుగు వాక్యాలూ నాకే అర్థం కావడం లేదు. ఇప్పుడు కాలింగ్ బెల్ మోగుతోంది, మళ్లీ వస్తాను.

గుంటూరు గోంగూర: అందరికీ నమస్కారం, కొత్తగా చేరాను. ఇంతమంది తిరుపతివాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే నెల ఏడుగురం వస్తున్నాం, దర్శనం టికెట్లు చూసిపెట్టగలరా?