చెరువు కట్ట తెగే రాత్రి నిర్ణయం ఎవరిది? ఊరిదా, ఇరిగేషన్ శాఖదా?

మునగాల రైతు:
వచ్చే గ్రామసభలో నేను ఒక్కటే అడగబోతున్నా. చెరువు కట్ట కాపలా, దానికయ్యే డబ్బు వానాకాలానికి ముందే ఊరి కమిటీ చేతికి రావాలి. మీరేమంటారో చెప్పండి.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో మా కోదాడ వైపు పడిన వాన ఎవరూ మర్చిపోలేదు. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది కూడా అప్పుడే. ఆ టైంలో ఊళ్లలో సర్పంచులే లేరు. ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. అంతకు ముందే, 2023లో, ఊళ్లలో రెవెన్యూ సహాయకులుగా ఉన్న వీఆర్‌ఏలను వేరే వేరే శాఖల్లో సర్దారు. వాళ్లలో తరతరాలుగా నీరటి పని, అంటే చెరువు కట్ట కాసి నీళ్లు వదిలే పని, చేసిన కుటుంబాల వాళ్లున్నారు. ఏ తూము షట్టర్ బిగుసుకుపోయిందో, కట్ట ఎక్కడ మెత్తబడిందో వాళ్లకు తెలుసు. కొందరు కాలువలు, తూములు చూసే లష్కర్లుగా ఇరిగేషన్‌కే వెళ్లారు, మా చెరువుకు మాత్రం మనిషి లేడు.

కట్టకు పడే బొక్క, అదే బుంగ, మొదట బొటనవేలంతే ఉంటుంది. కట్ట వెనక వాలులో తేటనీళ్లు కారితే ఊట అనుకోవచ్చు. ఎర్రగా మట్టితో కలిసి వస్తే లోపల కట్ట కొట్టుకుపోతోందన్నమాట. అప్పటికప్పుడు ఇసుక బస్తాలు కావాలి, జేసీబీ కావాలి, డీజిల్‌కు డబ్బు కావాలి. అర్ధరాత్రి ఇరిగేషన్ ఇంజినీరు ఏఈకి ఫోన్ చేసి, ఆయన పైవాళ్లను అడిగి, అనుమతి వచ్చేదాకా కట్ట ఆగదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీదే పడతాయి.

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, నల్గొండ:
తమ్ముడూ, నేను పనిచేసినన్నాళ్లూ కట్టల మీదే తిరిగినవాణ్ణి. ఊరంతా ఒక్క మాట మీద ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు. చెరువు కింద సాగు చేసే ఆయకట్టు వాళ్లు యాసంగికి నీళ్లు నిలవాలని, నిండిన నీళ్లు బయటికి పొర్లే మత్తడి మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, సాగు చేసేవాళ్లు పంట మునుగుతుందని రాత్రికి రాత్రే తూము లేపుతారు. చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా జాలీలు కడతారు. వరదలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, తుమ్మ కంప ఆ జాలీకి పట్టుకుంటే మత్తడి మూసుకుపోయినట్టే. ఇక నీళ్లు కట్ట మీదుగా పారతాయి. మట్టికట్ట అలా ఎంతసేపు నిలుస్తుంది?

1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టారు. నేను చూసిన చోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు. మత్తడి ఎంత వరద మోస్తుందో లెక్క కట్టడం ఇంజినీరు పని. పనీ డబ్బూ శాఖ దగ్గరే ఉండాలి. తప్పు జరిగితే అడగడానికి ఒక ఉద్యోగి అయినా ఉంటాడు.

మునగాల రైతు:
సార్, లెక్క ఇంజినీరే కట్టాలి, అందులో గొడవ లేదు. కానీ మీరు చెప్పిన ఆ జాలీని నడిరాత్రి తీసేదెవరు? మే నెలలోనే ఆయకట్టు, శిఖం, మత్స్య సంఘం వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. నీళ్లు ఎంతదాకా వస్తే జాలీ తీయాలో, తూము లేపాలో మత్తడి రాయి మీద పెయింట్‌తో గీత గీయించాలి. ఆ గీత ఎక్కడుండాలో ఏఈ చెప్పాలి, దానికి కట్టుబడేది మేము. మీరు చెప్పిన తగాదాలే ఈ కమిటీ ఎందుకు కావాలో చెబుతున్నాయి. శాఖ మనిషి వచ్చి సర్దిచెబితే ఆయన వెళ్లగానే మళ్లీ మొదలవుతాయి.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు విపత్తు నిధుల్లో 20 శాతం ముందస్తు నివారణకు పక్కన పెట్టమంది. అలాంటి నిధిలోంచి ఒక్కో చెరువుకు బస్తాలు, డీజిల్ ఖర్చయినా ఊరికి ముందే అందితే చాలు. పైసా పైసా లెక్క గ్రామసభలో చదివి వినిపిద్దాం.

గ్రామ సమాఖ్య, అచ్చంపేట:
అన్నా, కమిటీ అంటే కట్ట మీద నిలబడే మగవాళ్లేనా? మా తండాల నుంచి వయసువాళ్లు ముంబైకో పుణెకో పనికి పోతారు. ఊళ్లో ఉండేది మేము, ముసలోళ్లు, పిల్లలు. ఎవరింట్లో మంచం దిగలేని మనిషి ఉందో, ఎవరికి నెలలు నిండాయో మా మహిళా సంఘాల్లో పేరుపేరునా తెలుసు. ఊరు ఖాళీ చేయించే పని మాకివ్వండి. వాట్సాప్ మెసేజ్ ఒక్కటే నమ్ముకోవద్దు, కరెంటు పోతే టవర్ కూడా పోతుంది. డప్పు చాటింపు ఉండాలి.

తుంగభద్ర ఒడ్డు:
అందరూ ఆ ఒక్క రాత్రి గురించే మాట్లాడుతున్నారు. నీళ్లు తీశాక ఏంటి? 2009 అక్టోబర్ 2న తుంగభద్ర మా ఊళ్లోకి వచ్చింది. ప్రాణాలు దక్కాయి. తర్వాత కొత్త ఇళ్ల ప్లాను మాకు చూపించారు, మమ్మల్ని అడగలేదు. మాది మగ్గం ఇల్లు. గుంత మగ్గానికి కాళ్లాడే గుంత తవ్వాలి, పడుగు చాచడానికి ఇంటి ముందు పొడుగాటి జాగా కావాలి. ఆ ప్లానులో రెండూ లేవు. అలాంటి ఇంట్లో పడుకోవచ్చు గానీ బతుకుతెరువు ఎలా? మా నేతవాళ్లు నలుగుర్ని కూర్చోబెట్టి అడిగితే ఒక్క పూటలో తేలిపోయేది. మీరు కట్టబోయే కమిటీకి కట్ట కాపలాతో పాటు ఈ అధికారం కూడా అడగండి. ఇంకోసారి ఇల్లు పోతే ప్లాను మా ముందు గీయాలి.

కౌలు రైతు, హుజూర్‌నగర్:
నాది కూడా ఇదే బాధ. 2024 వరద తర్వాత ఎకరాకు 10 వేలు ప్రకటించారు. నేను చేసిన పొలం డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. ఇసుక మేట తీయించింది నేను, ట్రాక్టర్ కిరాయి కట్టింది నేను. ఆ పొలం ఎవరు దున్నుతున్నారో ఊళ్లో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నష్టం రాసుకునేటప్పుడు ఊరి మాట కూడా రికార్డు కావాలి.

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, నల్గొండ:
నష్టం రాయడంలో, ఇళ్ల ప్లానులో ఊరి మాట ఉండాల్సిందే. కట్ట దగ్గర మాత్రం నా మాట మార్చుకోను. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దులో, ఇల్లు కట్టుకున్నవాడు, వరద కాలువ పూడ్చి ప్లాట్లు చేసినవాడు రేపు మీ కమిటీలోనే కూర్చుంటాడు. సొంత మేనమామ ప్రహరీ కూల్చమని ఏ కమిటీ తీర్మానం చేస్తుంది?

మునగాల రైతు:
చేయదు సార్. ఆక్రమణలు తీయించే పని రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లదే, దాన్ని ఊరి నెత్తిన పెట్టమని నేను అడగట్లేదు. నేను అడిగేది షట్టర్ తాళం, బస్తాలు, జేసీబీకి చెప్పే అధికారం. ఖర్చుకు సర్పంచ్‌తో పాటు ఏఈ సంతకం కూడా పెట్టించండి, కానీ పని జరిగిన తర్వాత. తీర్మానం ముసాయిదా రాస్తున్నాను. అక్కా, సమాఖ్య తరఫున ఎంతమంది ఉండాలో చెప్పండి. కౌలు రైతులకు, నేత కుటుంబాలకు కూడా కమిటీలో చోటు రాస్తాను.