చిన్నప్పుడు చెవిలో మాటలు వినపడ్డ సంగతి పెళ్లికి ముందు చెప్పాలా?

రాజోలు తమ్ముడు:
మా అక్కకు 27 ఏళ్లు. మండపేట సంబంధం దాదాపు ఖాయమైంది. అక్కకు పదకొండేళ్లప్పుడు ఎవరూ లేకుండానే మాటలు వినపడేవి. కొబ్బరితోటలోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారనేది. కిటికీ వేస్తేగానీ పడుకునేది కాదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, బాగా గుర్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఏడాది తిరిగేసరికి తగ్గింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం. అబ్బాయికి చెప్పాలని నేను, చెబితే సంబంధం పోతుందని అమ్మ. రోజూ ఇదే టెన్షన్. మీరేమంటారు?

గట్టు మీద పెద్దాయన:
చెప్పకు బాబూ. పిల్లలు ఏదో చూశామంటారు, విన్నామంటారు. మా లంకల్లో చీకటి పడితే ప్రతి పిల్లాడికీ ఏదో ఒకటి కనపడేది. పదహారేళ్ల కిందటి మాట ఇప్పుడు బయట పెడితే ఊరంతా తిరుగుతుంది. రేపు మీ అక్క కాస్త విసుక్కున్నా "అదిగో, మళ్లీ మొదలైంది" అంటారు.

కౌశిక ఒడ్డు:
పెద్దాయన గారూ, పిల్లల సంగతి మీరన్నది నిజమేనండి. అప్పటిదాకా జరిగిన సర్వేలన్నీ కలిపి 2012లో లెక్క చూశారు. 9–12 ఏళ్ల పిల్లల్లో దాదాపు 17 శాతం మంది ఇలాంటివి ఉన్నాయన్నారు. 13 దాటినవాళ్లలో అది 7.5 శాతమే. చాలామందికి పోతుంది.

పోయినా ఏమీ మిగలదనుకోకండి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన పిల్లలను పదకొండో ఏట ఇలాంటి అనుభవాల గురించి అడిగి, పెద్దయ్యాక కూడా చూస్తూ వచ్చారు. లక్షణాలు గట్టిగా ఉన్న కొద్దిమందిలో నాలుగో వంతుకు 26 ఏళ్లకల్లా స్కిజోఫ్రెనియా (లేనివి వినపడే, లేనిపోని నమ్మకాలు కలిగే మానసిక జబ్బు) తరహా జబ్బు వచ్చింది. మిగతా ముప్పావు వంతుకు అది రాలేదు. ఇంగ్లండ్, వేల్స్ కవలల మీద చేసిన పరిశీలనలో, పన్నెండేళ్లప్పుడు ఇలాంటివి ఉన్న పిల్లల్లో పద్దెనిమిదేళ్లకు ఒంటరితనం ఎక్కువగా కనిపించింది. అది చదివి ఏడ్చేశాను.

నాకూ వినపడేవి. ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. కానీ ఎవరైనా దగ్గరవుతుంటే "వీళ్లకు తెలిస్తే?" అన్న భయం మాత్రం పోలేదు. స్నేహితురాళ్లను అలాగే దూరం చేసుకున్నాను. మా ఆయనకు పెళ్లయిన ఆరేళ్లకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన బాధ ఆ మాటలు వినపడినందుకు కాదు, ఆరేళ్లు దాచినందుకు.

తమ్ముడూ, ఒక సంగతి అడుగుతాను. ఆ రోజుల్లో మీ అక్కను ఎవరైనా ఏడిపించేవారా? ఐర్లండ్ బడిపిల్లల మీద 2013లో వచ్చిన పరిశోధనలో, వేధింపులు ఆగిన పిల్లల్లో ఈ అనుభవాలు కూడా తగ్గాయి.

కోర్టు గుమాస్తా:
కొందరు భయపెడతారు కాబట్టి చెబుతున్నా. 1955 హిందూ వివాహ చట్టం ఐదో సెక్షన్ ముఖ్యంగా చూసేది పెళ్లినాటి మానసిక స్థితిని, మళ్లీ మళ్లీ వచ్చే మతిభ్రమణను. చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయినది దాని కిందికి రాదని నా అభిప్రాయం. అయితే పెళ్లి రద్దు కోరే పన్నెండో సెక్షన్‌లో ముఖ్యమైన విషయం దాచి మోసం చేశారన్న వాదనకు చోటుంది. ముందే చెబితే ఆ గొడవే ఉండదు.

గట్టు మీద పెద్దాయన:
కౌశిక ఒడ్డు అమ్మాయి తన సంగతి చెప్పుకున్నాక నేను కాదనలేను. కానీ చెబితే అబ్బాయికే చెప్పండి, ఒంటరిగా. మధ్యవర్తి చెవిన మాత్రం వేయొద్దు.

కౌశిక ఒడ్డు:
ఇది ఒప్పుకుంటానండి. ఇంకొకటి, చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. తమ్ముడిదీ కాదు, అమ్మగారిదీ కాదు. పెళ్లయ్యాకో పురుడయ్యాకో వరసగా నిద్ర పట్టకపోయినా, మళ్లీ వినపడినా ఆలస్యం చేయకుండా సైకియాట్రీ డాక్టరును కలవమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు.

రాజోలు తమ్ముడు:
నిన్న రాత్రి అక్కను అడిగాను. ఆరో తరగతిలో ట్యూషన్ మాస్టారు రోజూ గోడకుర్చీ వేయించి, అందరి ముందూ పేరు పెట్టి తిట్టేవాడట. ఆ వేసవిలో ట్యూషన్ మానేసింది. మాటలు ఆగింది కూడా అప్పుడేనట. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంటే "ఎవరడిగారు? తాయెత్తు కట్టారుగా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆదివారం అబ్బాయి కాకినాడ వస్తున్నాడు. తనే చెబుతానంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.