మీటరు లేని ఇంట్లో నీటి లీకు పట్టడం ఎలా?

గట్టునీరు
1,000 లీటర్ల ట్యాంకు, ఇంట్లో నలుగురు. రోజు విడిచి రోజు నింపేది ఇప్పుడు రోజూ నింపాల్సి వస్తోంది. వాడకం పెరగలేదు, వంటింటి కుళాయి ఒకటి చుక్కచుక్కగా కారుతోంది. దానివల్లేనా?

బాల్‌కాక్
కాదండీ. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే నాలుగు లీటర్ల పైచిలుకు, అంతే. మీకు పోతున్నది రోజుకు 500 లీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 350 మి.లీ. అది చుక్క కాదు, ధార. కుళాయికి వాషర్ ఎలాగూ మార్చండి కానీ దొంగ వేరే చోట ఉన్నాడు.

పడుకునే ముందు మోటారు కట్టేసి, ట్యాంకులోకి కర్ర నిలువుగా దించి తడి ఎంతవరకు ఉందో గీత పెట్టండి. పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందే అదే చోట మళ్లీ దించండి. ఒక మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకులో 1 సెం.మీ. దిగితే దాదాపు 7.8 లీటర్లు పోయినట్టు. మీది రాత్రింబగళ్లు ఆగని లీకైతే 8 గంటల్లో 20 సెం.మీ. పైనే దిగాలి.

తడిమట్టి
అసలు దిగకపోతే? అప్పుడు నింపేటప్పుడే పోతోందన్నమాట. సంపు నుంచి ట్యాంకుకు వెళ్లే పైపు పగిలితే మోటారు నడిచినంతసేపే కారుతుంది. ఓవర్‌ఫ్లో పైపు కూడా చూడండి, చాలా ఇళ్లలో అది ఎవరికీ కనిపించని గోడవైపు ఉంటుంది.

బాల్‌కాక్
అవును. దిగితే మాత్రం మరుసటి రాత్రి ట్యాంకు కింది గేట్ వాల్వు కట్టేసి ఇదే పరీక్ష చెయ్యండి. అప్పుడూ దిగితే ట్యాంకుదో, దానికి పైపు కలిపే నిపుల్‌దో తప్పు. లేదంటే ఇంటి లైను. వాల్వు కట్టాక కుళాయి తిప్పి ధార పూర్తిగా ఆగిందో లేదో చూసుకోండి. పాత గేట్ వాల్వులు చెయ్యి నొప్పెట్టేలా తిప్పినా సరిగ్గా మూసుకోవు.

నిమ్మళం
ఇంటి లైనే అయితే ముందు కమోడ్లు. పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టమని పోస్టర్లు బోలెడు, ఫ్లష్ ట్యాంకు గురించి ఒక్కటీ ఉండదు!

మూత తీసి నీటిమట్టం చూడండి. ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు 2, 3 సెం.మీ. కిందుండాలి. అంచును తాకుతుంటే ముందు నీళ్ల మీద తేలే ఫ్లోటు దించండి, లేకపోతే తర్వాతి పరీక్ష తప్పుతుంది. ఇప్పుడు నీళ్లలో కాస్త ఆహార రంగు కలిపి, అరగంట ఫ్లష్ చెయ్యకుండా వదిలెయ్యండి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగు రబ్బరు కారుతున్నట్టే.

ఆర్‌ఓ గొట్టం
నీటి శుద్ధి యంత్రాన్నీ వదలకండి. దాని ట్యాంకు నిండాక వృథా నీటి గొట్టం ఆగాలి. ఆగలేదంటే నీటిని ఆపే సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసేది) పోయింది.

తడిమట్టి
ఆ గొట్టాన్ని బిగించి వృథా తగ్గిస్తే?

ఆర్‌ఓ గొట్టం
వద్దు. లవణాలు లోపలి వడపోత పొరైన మెంబ్రేన్‌ మీదే పేరుకుని అది ముందే చెడుతుంది. లీటరు మంచినీటికి మూడు లీటర్లు బయటికి పోతుంటే, 500 టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) నీరు దాదాపు 650 అయి వస్తుంది. బకెట్లో పట్టి నేల తుడవడానికో, ఫ్లష్‌కో వాడుకోండి. కుండీలకు రోజూ అదే పోస్తే ఆకు కొసలు మాడతాయి, మధ్యమధ్య మామూలు నీళ్లు పొయ్యాలి.

గట్టునీరు
రాత్రి 19 సెం.మీ. దిగింది. వాల్వు కడితే దిగలేదు. రెండో కమోడ్‌లో రంగు పది నిమిషాలకే దిగింది, మట్టం సరిగ్గానే ఉంది. రబ్బరు ముట్టుకుంటే వేళ్లకు నలుపు అంటుతోంది.

నిమ్మళం
నలుపు అంటిందంటే రబ్బరు పని అయిపోయింది. ఫ్లష్ ట్యాంకులో క్లోరిన్ బిళ్లలు వేస్తుంటే మానెయ్యండి, రబ్బరును తినేసేవి అవే. కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, 2 అంగుళాలదీ 3 అంగుళాలదీ ఒకదాని బదులు ఒకటి పట్టవు. అది కూర్చునే అంచు మీద ఉప్పు పొర ఉంటే వెనిగర్ గుడ్డతో రుద్దండి, బ్లేడు పెట్టకండి, గీత పడితే కొత్త రబ్బరూ కారుతుంది. గొలుసు అర అంగుళం వదులుగా ఉండాలి. బిగుతైతే రబ్బరు కూర్చోదు, మరీ వదులైతే గొలుసే దాని కిందికి పోయి ఇరుక్కుంటుంది.

బాల్‌కాక్
నీళ్లు తగ్గించాలని ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెట్టకండి. అది అరిగి, ఆ ముక్కలు రబ్బరు కింద చేరతాయి. నీళ్లు నింపిన లీటరు సీసా అయితే ఇబ్బంది లేదు.